మా ఆయనకు పెట్టిన తిరగమోత

జ్యేష్ఠం, తదియ

తాడు: గట్టిగానే ఉంది. నీళ్లు: సరిపడా. ఇంట్లో మనుషులు: ఇద్దరం.

తాళ్ల ఇన్‌స్పెక్టరు అప్పలకొండ బాబుకి, మూడో వరస తెప్ప మీద ఉండే సూరాడ నూకరత్నం రాయునది. పోయిన పక్షం చిట్టాలో మీరు ఎర్రసిరాతో "అనవసర సంగతులు రాయరాదు" అన్నారు. చదివాను. తాడు, నీళ్లు, మనుషులు అని మూడు మాటలు అడిగి, పుట నిండా గీతలు గీసింది మీరే. మిగతా గీతల్ని ఖాళీగా వదిలితే వాటి ఉసురు నాకెందుకు?

ఈ రోజు పనులు. తెప్ప అడుగున పట్టిన గుల్లలు గీకాను. ఎండపలకల మీద సముద్రపు కాకులు పెట్టిన ముగ్గులు కడిగాను. ఉప్పు వడపోతకి గుడ్డ మార్చాను. ఆ తర్వాత మా ఆయన దానయ్యకి టీ ఇచ్చి, గోడపలక వెలిగించి, నా బ్లాగు తెరిచి పెట్టాను.

ఆయనకి మతి నిలవడం లేదని మీకు తెలుసు. ఒకప్పుడు చుక్కల్ని చూసి పడవ నడిపిన మనిషి. ఇప్పుడు తెల్లారేసరికి నేనెవరో కూడా గుర్తుండదు. అందుకే బ్లాగు. నిన్న నేను చేసిన వెధవపని ఏదో ఒకటి అందులో రాసి ఉంటుంది. తెప్పల నంబరు బిళ్లలు మార్చేసి మీచేత ఒకే తాడు నాలుగుసార్లు కొలిపించిన కథ ఉంది చూడండి, అదంటే ఆయనకి ప్రాణం. టీలో పంచదారకి బదులు ఉప్పేసి ఇచ్చిన కథలైతే లెక్కలేదు.

చదువుతాడు. పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

"ఈ గుంట ఎవులో గానీ మా తొండిది. దీని మొగుడు ఎలా ఏగుతున్నాడో."

"ఆడు నువ్వే మావా."

నన్ను చూస్తాడు, గోడని చూస్తాడు, మళ్లీ నన్ను చూస్తాడు.

"నిజిమే?"

"నిజిమే."

"అయితే కాసింత పంచదారెయ్యి, రత్తీ. నిజిం పంచదార."

అలా రోజూ పొద్దున్నే మాకు కొత్తగా పెళ్లవుతుంది బాబూ. మంత్రాలు నేను రాసుకున్నవే.

ఇక అసలు సంగతి. పున్నమి పోటుకి వరసలు మారుస్తామని రేవు సంఘం బోర్డు పెట్టింది. కొండమీది ఊళ్లవాళ్లు మన బ్లాగులు చదివి వేసే చూపులతోనే కదా మనకి కరెంటూ మందులూ. ఎక్కువ చూపులు పడ్డవాళ్లకి లోపలి వరసలు, పడనివాళ్లకి అలలు కొట్టే ఎనిమిదో వరస. లోపల ఉండాలంటే వెయ్యి చూపులు కావాలట. నాకున్నవి తొమ్మిది. అందులో మూడు టీ బడ్డీ తవిటమ్మవి, టీ అప్పు అడగడానికి వచ్చి పడ్డవి.

ఎనిమిదో వరస అలలకి నాకు భయం లేదు. నా భయం వేరు. మా గుమ్మం దాటి నడకపలక ఎక్కితే ఆయన కుడిచేతికి నీలం పీపా తగులుతుంది. తర్వాత విరిగిన పడవ పంకా. తర్వాత ఇత్తడి గంట, దాన్ని ఒకసారి కొడతాడు. గంట దాటితే తవిటమ్మ టీ బడ్డీ. చేత్తో తడుముకుంటూ ఒక్కడూ వెళ్లి, ఒక్కడూ వస్తాడు. ఆయనకి మిగిలిన లోకం అంతే. తెప్ప కదిలితే అది కూడా పోతుంది.

పంచమి

తాడు: గట్టిగానే ఉంది. నీళ్లు: ఉన్నాయి. మనుషులు: ఇద్దరం.

సర్వీసు పడవలో ప్రవల్లిక అనే మేడమ్ వచ్చింది. బ్లాగు పెంచుకునే పనిముట్లు నేర్పుతుందట. మంచి పిల్ల. నా చదువు ఎంతని అడిగింది. ఏడో తరగతి సముద్రం పాలైందని చెప్పాను. నిజమే కదా, పరీక్షలకు ముందే బడిలోకి నీళ్లొచ్చాయి. జీవితంలో నేను చేయని కొంటెపని అదొక్కటే.

నాలుగు పనిముట్లు నా పలకలో ఎక్కించింది. గాలం అనేది పుటకి పేరు పెడుతుంది. కొలత అనేది చదివేవాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ పారిపోయారో చూపిస్తుంది. దండోరా అనేది నచ్చినవాళ్ల పేర్లు పట్టుకుని, కొత్త పుట పడగానే వాళ్ల చెవిలో ఊదుతుంది. నాలుగోది తిరగమోత. పాత పుటల్ని వేడిచేసి, పోపు వేసి, కొత్తవాటిలా వడ్డిస్తుంది.

"పాతవాటిలోనే సగం సంపాదన ఉంటుందండీ రత్నంగారూ. జనం కొత్తదే రాయాలనుకుంటారు," అంది.

"మా ఇంట్లోనూ అంతేనమ్మా. పాత మొగుణ్ణే రోజూ కొత్తగా వాడుకుంటన్నాను," అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు గానీ మర్యాదగా నవ్వింది.

షష్ఠి

తాడు, నీళ్లు, మనుషులు: నిన్నటిలాగే.

మీ కథకి నేను పెట్టుకున్న పేరు "అప్పలకొండ బాబు తాడు కొలిచిన విధం". గాలం దాన్ని తీసేసి "ఈ ఇన్‌స్పెక్టర్ చేసిన పని తెలిస్తే మీ కళ్లు చెమ్మగిల్లుతాయి" అని పెట్టింది. మీ పని చూసి ఇంతవరకూ ఎవరి కళ్లూ చెమ్మగిల్లలేదు బాబూ, తుడుచుకున్నవాళ్లు ఉంటే అది నవ్వి నవ్వి. అయినా సాయంత్రానికి నలభై మంది వచ్చారు. వచ్చి, మోసమని తిట్టి, మిగతా పుటలు కూడా చదివి వెళ్లారు.

తవిటమ్మ టీ పోస్తూ అంది: "ఓలే రత్తీ, జనానికి నిజిం వొద్దే. వాసన గావాల. సేప లేకుండా సేపల పులుసని నేను రాసినానా, ఐదొందల సూపులు."

"నీ టీ గూడా అలాగే ఉంటాది తవిటీ, ఆకు లేకుండా."

అప్పు గుర్తుచేసింది. నోరు మూసుకున్నాను.

అష్టమి

తాడు: ఒక పోగు తెగింది, ముడేశాను. నీళ్లు: ఉన్నాయి. మనుషులు: ఇద్దరం.

ఈ రోజంతా కొలత ముందు కూచున్నాను. అద్దంలో మొహం చూసుకున్నంత కష్టంగా ఉంది. నేను నవ్వించాననుకున్న చోట జనం గబగబా దాటిపోతున్నారు. మా ఆయన నన్ను గుర్తుపట్టని చోట మాత్రం ఆగుతున్నారు. కొందరు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతున్నారు. ఒక పుటలో ఆయన నన్ను "అమ్మా, మీదే ఊరు?" అని అడిగిన వాక్యం ఉంది. అది నేను సరదాకి రాసింది. దాని మీదే అందరి కళ్లూ.

నవ్వుకి విలువ లేని రేవులో పుట్టాను, ఏం చేస్తాం. చూపులు రెండొందలు దాటాయి. పున్నమి దగ్గరపడింది.

దశమి

తాడు: సరే. నీళ్లు: సరే. మనుషులు: ఇద్దరం.

తిరగమోత నొక్కాను. పెద్ద పుట ఒకటి వచ్చి, "జనం ఆగే చోట్లను బట్టి పాత పుటలన్నీ మార్చమంటారా, ఇవి ఇవి మారతాయి" అని బోలెడు గీతలు చూపించింది. పప్పు మాడుతున్న వాసన వస్తోంది. చదవకుండా "సరే" నొక్కి పొయ్యి దగ్గరికి పరుగెత్తాను.

సాయంత్రానికి ఆరొందలు. తవిటమ్మ బడ్డీలో అందరికీ నా పేరు మీద టీ పోయించాను. అదీ అప్పుకే.

ఏకాదశి

తాడు: సరే. నీళ్లు: సరే. మనుషులు: లోపల ఒకరం, బయట ఒకరు.

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

పొద్దున్న ఎప్పటిలాగే గోడపలక వెలిగించి, టీ పెట్టడానికి వెళ్లాను. నవ్వు వినబడుతుందని చెవి అటే వేసి ఉంచాను. వినబడలేదు. వచ్చి చూస్తే ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తల్లీ, నువ్వు కాసింత కూకో. కబురు సదివినాను."

"ఏ కబురు మావా?"

"నన్ను మావా అనకమ్మా. దుక్కంలో ఉన్నావు. ఎవుల్ని సూసినా ఆడే అనిపిస్తాడు."

గోడ చూశాను. నా ఉప్పు టీ కథ మీద కొత్త పేరుంది: "ఆయన తాగని చివరి గ్లాసు". నంబరు బిళ్లల కథలో, ఆయన సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. ప్రతి పుటలోనూ మా ఆయన పోయాడు. ఒక్కో పుటలో ఒక్కో రకంగా పోయాడు. మాటలన్నీ నావిలాగే ఉన్నాయి. నేను రాయని ఏడుపు, నా గొంతుతోనే.

"మా ఆయన పోలేదు. నువ్వే నా మొగుడివి. సూడు, నేను రత్తిని."

"అలాగే అనిపిస్తాది తల్లీ. మెల్లిగా సర్దుకుంటాది." టీ గ్లాసు తీసుకుని గుమ్మం వైపు నడిచాడు. "ఒంటరి ఆడమనిసి ఇంట్లో పరాయోడు కూకుంటే నలుగురూ నాలుగంతారు. నేను ఈ బయటే ఉంటాను. ఏటి కావాలన్నా కేకెయ్యి."

తాడుచుట్ట మీద ఎండలో కూచున్నాడు. నా మొగుడు, నేను ముండమోశానని, నాకే కాపలా కాస్తున్నాడు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. రెండో గ్లాసు టీలో రెండు చెంచాల ఉప్పు వేసి ఇచ్చాను. ముప్ఫై ఏళ్లుగా ఆ ఉప్పు నాలిక్కి తగలగానే "రత్తీ" అని అరవడం ఆయనకి ఊపిరంత అలవాటు. మతి పోయాక కూడా ఆ అరుపు పోలేదు. గుమ్మం పక్కన నిలబడి చూశాను. ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. గ్లాసు వైపు చూశాడు, లోపలికి చూశాడు. ఏమీ అనకుండా మొత్తం తాగేశాడు. మొగుడు పోయిన మనిషి ఉప్పుకీ పంచదారకీ తేడా చూసుకోలేదని, ఆమె మనసు నొచ్చుకోకూడదని తాగేశాడు బాబూ.

గ్లాసు తిరిగిస్తూ, "టీ బాగున్నాదమ్మా," అన్నాడు.

ద్వాదశి

తాడు: చిన్నపడవ తాడు విప్పి ఉంది. ఎందుకో కింద రాశాను. మనుషులు: నిన్నటిలాగే.

చూపులు వెయ్యి దాటాయి. ఎవరెవరో కొండమీది ఆడవాళ్లు ఓదార్పు మాటలు రాశారు. ఒకావిడ తన మొగుడి సంగతి రాసింది, అది నిజం. అది చదివాక నాకు అన్నం దిగలేదు.

ప్రవల్లిక మేడమ్‌కి పలకలో కబురు పెట్టాను. పాత పుటలు వెనక్కి తెచ్చుకోవచ్చట. కానీ ఒక్క పుట తేవడం కుదరదు, తిరగమోత మొత్తం తీసేయాలి. తీస్తే అది తెచ్చిన చూపులన్నీ పోతాయి. "నేను గట్టిగా చెప్పాల్సింది రత్నంగారూ, సరే నొక్కేముందు చదవమని," అని బాధపడింది. చెప్పినా వినే రకాన్ని కాదని ఆ పిల్లకేం తెలుసు.

తవిటమ్మ తలుపు చాటుకి లాగింది. "పున్నమి దాకా ఓర్సుకోవే. వరస రాసీసినాక తీసీ. మూడ్రోజులు ఆయన బయట కూకుంటే కరిగిపోడు."

ఒప్పుకున్నాను. నిజంగానే ఒప్పుకున్నాను. అప్పుడే చిన్నపడవ దగ్గర చప్పుడైంది. ఆయన తాడు విప్పుతున్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

"నీకు అలవాటైపోతాది తల్లీ, ఇక్కడ కూకుండిపోతే. నాకూ ఓ ఇల్లాలు ఉండే ఉంటాది గదా, ఎక్కడో. పాపం నాకోసం సూస్తుంటాది. ఎతుక్కుని వొస్తాను."

"ఆవిడి ఎలాగుంటాదో తెలుసునా?"

తెడ్డు చేతిలో పట్టుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"తెలవదు. గానీ మా తొండిదయ్యుంటాది."

తెడ్డు లాక్కుని, తాడు మీద కూచుని, ఒళ్లో పలక పెట్టుకుని తిరగమోత తీసేశాను. ఈసారి గీతలన్నీ చదివే "సరే" నొక్కాను. దాని కింద ఒక్క వాక్యం రాసి దండోరాతో అందరికీ పంపాను: "మా ఆయన బతికే ఉన్నాడు, మిమ్మల్ని ఏడిపించడం నా తప్పు, క్షమించండి."

సాయంత్రానికి, జనం వెనక్కి తీసుకున్నవి పోగా చూపులు ముప్ఫై ఒకటి. తిట్లు అంతకు చాలా ఎక్కువ. తన మొగుడి సంగతి రాసిన ఆవిడ మాత్రం, "ఉన్నాడు కదా, ఉంచుకో," అని రాసి, చూపు వెనక్కి తీసుకోలేదు.

పున్నమి

తాడు: రేపు విప్పుతారు. నీళ్లు: ఉన్నాయి. మనుషులు: లోపల ఒకరం, బయట ఒకరు.

ఎనిమిదో వరస రాసింది సంఘం. బోర్డు మీద నా పేరు అన్నిటికన్నా కింద ఉంది. తప్పు పట్టను, నా పనికి అదే సరి.

పాత పుటలు వచ్చేశాయి. రోజూ చదువుతున్నాడు. కానీ నవ్వు రావడం లేదు. సంగతి మరిచిపోయాడు గానీ బెంగ మరిచిపోలేదు. బెంగకి మతితో పనిలేదేమో. "ఆడు నువ్వే మావా" అంటే, "అలాగే తల్లీ" అని తలొంచుకుని గ్లాసు పట్టుకుని బయటికి వెళ్తున్నాడు. నిన్న ఒక్కడూ నీలం పీపా దాకా వెళ్లి, దాని మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఆయన గుర్తుపట్టేది ఇప్పుడు ఆ పీపా ఒక్కదాన్నే. రేపటితో అదీ ఉండదు.

రాసుకుంటూ రాసుకుంటూ ఇక్కడ ఆగాను. పీపా ఎందుకుండదు? కదిలేది తెప్పే కదా. పీపాకి కాళ్లు లేకపోవచ్చు, నాకున్నాయి.

బహుళ పాడ్యమి

తాడు: కొత్త గుంజకి కట్టారు. నీళ్లు: ఒలికాయి. మనుషులు: లోపల ఒకరం, బయట ఒకరు.

ఈ రోజు జరిగినవాటిలో కొన్ని మీకు తెలుసు. కొన్ని మీరు చూడనట్టు నటించారు. పట్టపగలు తవిటమ్మా నేనూ సంఘం వారి ఇత్తడి గంట విప్పుతుంటే, మీరు మేఘాలు కొలుస్తున్నట్టు ఆకాశం వైపు తలెత్తి నిలబడ్డారు. మేఘాలు కొలవడం మీ ఉద్యోగంలో లేదు బాబూ. ఆ సంగతి మీ ఎర్రసిరాతో రాసుకోండి, "అనవసరం" అని మాత్రం రాయకండి.

నీలం పీపా, విరిగిన పంకా, గంట, మూడూ చిన్నపడవలో వేసుకుని ఎనిమిదో వరస చివరికి వెళ్లి, అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ దించుకుంటూ మా గుమ్మం దాకా వచ్చాం. అడుగుల లెక్క ఆయన నడకతోనే కొలిచి పెట్టాను. పీపాకున్న పాత సొట్ట ఆయన చేతి ఎత్తుకి వచ్చేలా తిప్పి నిలబెట్టాను. వరస చివర తవిటమ్మ తన పాత బడ్డీ రేకు కట్టింది. రేపు పొద్దున్న కెటిలేసుకుని పడవలో వస్తానంది.

"రోజూ రమ్మంటే రాను. బోణీ దాటినాక నా బేరం నాకుంటాది," అంది.

"పొద్దున్న ఒక్కసారి రా. మిగతాది నేను చూసుకుంటాను."

"నా పాత అప్పు?"

"దానికి గూడా తిరగమోత పెట్టు తవిటీ, కొత్తదైపోతాది."

నంబరు బిళ్ల కూడా మార్చేశాను. ఎనిమిదో వరసలో మూడో వరస బిళ్ల కనిపిస్తే కంగారు పడకండి. ఇన్నాళ్లూ మనుషుల్నీ మిమ్మల్నీ మోసం చేశాను. మతిమరుపుని మోసం చేయడం ఇదే మొదలు.

విదియ

తాడు: అల గట్టిగా ఉంది, తాడు ఇంకా గట్టిగా ఉంది. నీళ్లు: తెచ్చుకోవాలి.

పొద్దున్న గోడపలక వెలిగించలేదు. టీ పెట్టలేదు. "తవిటమ్మ బడ్డీలో తాగిరా," అన్నాను అంతే.

ఆయన గుమ్మం దాటి నడకపలక ఎక్కాడు. తెప్ప ఊగుతోంది. నేను తలుపు వెనక నిలబడి చూస్తున్నాను. నాలుగడుగులు వేసి, అలవాటుగా కుడిచెయ్యి చాపాడు.

చేతికి ఏమీ తగలలేదు.

పీపా ఎడమవైపుంది.

నా తెలివి తెల్లారినట్టే ఉంది బాబూ. నేను చివరినుంచి మా గుమ్మం వైపు వస్తూ, నా కుడిచేతికి పెట్టుకొచ్చాను. ఆయన గుమ్మంలోంచి చివరికి వెళ్లే మనిషి. పీపా, పంకా, గంట, మూడూ ఎదురుపక్కనే. ఆయన చెయ్యి గాలిలో అలాగే ఉంది. కుడిపక్క ఒట్టి నీళ్లు. అల వచ్చి పలక లేచింది. నేను తలుపు తోసుకుని పరుగెత్తబోయాను.

ఆయన పడలేదు. అల మీద నిలబడడం ఆయన కాళ్లు మరిచిపోలేదు. మెల్లిగా తిరిగి పీపాని చూశాడు. సొట్ట మీద చెయ్యి పెట్టాడు. దూరాన పంకాని చూశాడు, గంటని చూశాడు. వెనక్కి తిరిగి, నా గుమ్మం మీది నంబరు బిళ్లని చూశాడు. మేకు కొత్తది. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను.

నవ్వుతున్నాడు. పీపాని పట్టుకుని, ఒంగిపోయి నవ్వుతున్నాడు.

"ఏటి మావా?" అన్నాను.

"ఎవులో ఊరు మొత్తం తిరగేసినారే. పీపా ఇటుండాల, అటెట్టినారు. గంటా అటే." కళ్లు తుడుచుకుని, తిన్నగా నా మొహంలోకి చూశాడు. "ఇలాటి తొండిపని సేసీది మా రత్తి ఒక్కత్తే."

గోడ మీద ఏమీ రాసి లేదు. మంత్రాలు చదివినవాళ్లు లేరు.

"ఏటలా సూస్తావు? దొరికిపోనావు. పద, తవిటమ్మ టీలో గూడా ఉప్పేసీసినావో ఏటో, ముందు నువ్వు తాగి సూపించు."

ఎడమచేత్తో పీపాని తడుముతూ, కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుని నడిచాడు. గంట దగ్గర ఆగి ఒకసారి కొట్టాడు. కాసేపాగి, నాకోసమట, ఇంకోసారి కొట్టాడు.

సాయంత్రానికి మరిచిపోయాడు. పరవాలేదు. రేపు పీపాని మళ్లీ ఇంకో పక్కకి మారుస్తాను. రాయడం కూడా మానను. దండోరా ఉంచుకున్నాను, ఆ కొండమీది ఆవిడకి నా పుట పడినట్టు తెలియాలి కదా. గాలం తవిటమ్మకిచ్చేశాను. ఇక తిరగమోత పప్పుకే.

ఈ రోజు పుటకి పేరు నేనే పెట్టుకున్నాను: "పీపా ఎటుండాలి". ఇప్పటికి చూపులు పన్నెండు.

పైన ఒకటి రాయడం మరిచాను. ఇంట్లో మనుషులు: ఇద్దరం.